మెడికేర్ పార్ట్ బి ప్రీమియం: 3 డాలర్ల నుంచి 202.90 దాకా

అమెరికాలో 65 దాటినవాళ్లు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లోని పార్ట్ బి కోసం 2025లో నెలకు 185 డాలర్లు కట్టారు. 2026లో అది 202.90 అయింది. 1966 జూలైలో పథకం మొదలైనప్పుడు ఇదే ప్రీమియం 3 డాలర్లు. వైద్యం ఖరీదెక్కింది కాబట్టి పెరిగిందని అనేస్తే సగమే చెప్పినట్టు. ఖర్చులో ఎవరి వాటా ఎంత, పెంపు నుంచి ఎవరికి రక్షణ అన్నది చట్టం తేల్చింది. పిల్లల దగ్గరికి వచ్చి గ్రీన్ కార్డు మీద స్థిరపడిన మన పెద్దవాళ్లకు గట్టిగా తగిలేది ఈ రెండో సగమే.

1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మెడికేర్ చట్టంపై సంతకం చేశారు. ఆస్పత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎకి ఉద్యోగుల జీతాల్లోంచి కోసే పన్ను ఆధారం. డాక్టర్ ఫీజులు, పరీక్షలు చూసే పార్ట్ బి ఖర్చును వృద్ధులు, ప్రభుత్వం చెరిసగం భరించాలన్నది మొదటి ఒప్పందం. అది ఎంతోకాలం నిలవలేదు. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ పెరిగిన శాతానికి మించి ప్రీమియం పెంచకూడదని 1972లో సవరణ తెచ్చారు. డాక్టర్ల బిల్లులు అంతకంటే జోరుగా పెరగడంతో 1980ల మొదటికల్లా వృద్ధుల వాటా పావు కంటే కిందికి జారింది. దాన్ని 25 శాతం దగ్గర ఆపుతూ 1982లో తాత్కాలికంగా చట్టం చేశారు. 1997లో శాశ్వతం చేశారు. మధ్యలో 1991 నుంచి 1995 దాకా శాతం జోలికి పోకుండా డాలర్ల అంకెనే చట్టంలో రాసేశారు. ఖర్చు అనుకున్నంత పెరగలేదు, 1995 నాటి 46.10 డాలర్లు పావు వాటాను దాటిపోయాయి. మళ్లీ 25 శాతానికి వచ్చేసరికి 1996లో ప్రీమియం 42.50కి దిగింది.

ఈ లెక్కంతా రాబోయే ఏడాది ఖర్చు మీద వేసే అంచనా. అంచనా తప్పితే ఏమవుతుందో 2022లో తెలిసింది. అల్జీమర్స్ మందు అడుహెల్మ్ ఏడాదికి 56,000 డాలర్లన్నారు. దాని కోసం ముందుజాగ్రత్తగా నిధి కూడబెట్టాల్సి రావడం ప్రీమియం 148.50 నుంచి 170.10కి ఎగబాకడానికి ఒక ముఖ్య కారణం. ఆ తర్వాత కంపెనీ ధరను సగానికి తగ్గించింది. మెడికేర్ ఆ మందును క్లినికల్ ట్రయల్స్‌లో ఉన్నవాళ్లకే పరిమితం చేసింది. మిగిలిన డబ్బును 2023 లెక్కలో సర్దితే ప్రీమియం 164.90 అయింది.

పెన్షన్‌లోంచి ప్రీమియం కోయించుకునేవాళ్లకు ఒక రక్షణ ఉంది: ప్రీమియం పెంపు వల్ల చేతికొచ్చే పెన్షన్ నిరుటికంటే తగ్గకూడదు. 2026లో పెన్షన్ 2.8 శాతం పెరిగింది. నెలకు 2,000 డాలర్లు వచ్చేవారికి 56 పెరిగితే అందులో 17.90 ప్రీమియం తినేస్తుంది. 600 వచ్చేవారికి పెరిగింది 16.80 మాత్రమే కాబట్టి అంతకు మించి కోయరు.

పెన్షన్ అసలు పెరగని ఏడాదే చిక్కు. 2016లో అదే జరిగింది. పది మందిలో ఏడుగురికి రక్షణ వర్తించి పాత 104.90 దగ్గరే ఆగారు. మొత్తం పెంపు మిగతా ముగ్గురి మీద పడి 159.30 అయ్యేది. అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఖజానా నుంచి అప్పిప్పించి 121.80కి దించింది; ఆ అప్పు తీర్చడానికి నెలకు 3 డాలర్లు అందులోనే కలిపారు.

ఆ ముగ్గురిలో కొత్తగా చేరినవాళ్లు, అధిక ఆదాయం ఉన్నవాళ్లు, సోషల్ సెక్యూరిటీ పెన్షన్ లేనందువల్ల నేరుగా బిల్లు కట్టేవాళ్లు ఉంటారు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అరవై దాటాక వచ్చిన అమ్మానాన్నలు సాధారణంగా ఈ చివరి కోవలోకే వస్తారు. 65 నిండి, గ్రీన్ కార్డుతో వరుసగా ఐదేళ్లు అమెరికాలో నివసిస్తే మెడికేర్ కొనుక్కోవచ్చు. అయితే పార్ట్ ఎ ఉచితంగా రావాలంటే తనకో జీవిత భాగస్వామికో 40 క్వార్టర్ల, అంటే పదేళ్ల పని క్రెడిట్లుండాలి. ఉద్యోగం చేస్తున్న కొడుకు క్రెడిట్లు లెక్కలోకి రావు. అవి లేనివారికి 2026లో పార్ట్ ఎ నెలకు 565 డాలర్లు. 30 నుంచి 39 క్వార్టర్లుంటే 311. పూర్తి ధర కట్టే దంపతులకు రెండు భాగాలూ కలిపి నెలకు 1,535.80. పార్ట్ బి ఒక్కటే కొనుక్కునే వీలుంది, కానీ అది ఆస్పత్రిలో ఇన్‌పేషెంట్‌గా చేరితే ఆస్పత్రి వేసే బిల్లు కట్టదు.

అధిక ఆదాయం ఉంటే ఎక్కువ ప్రీమియం కట్టాలన్న నిబంధన 2003 చట్టంతో వచ్చి 2007లో అమలైంది. రెండేళ్ల కిందటి పన్ను రిటర్న్ చూస్తారు. 2026కి ఆధారం 2024 ఆదాయం: ఒంటరివారికి 109,000, దంపతులకు 218,000 డాలర్లు దాటితే పార్ట్ బి 284.10 నుంచి మొదలవుతుంది. పరిమితి ఒక్క డాలర్ దాటినా ఆ శ్లాబు మొత్తం పడుతుంది, అదీ ఇద్దరికీ విడివిడిగా. హైదరాబాద్‌లో ఎప్పుడో కొన్న ప్లాటు అమ్మితే వచ్చే లాభం గ్రీన్ కార్డు ఉన్నవారి అమెరికా రిటర్న్‌లోనూ చూపాలి. ఆ దెబ్బ రెండేళ్లు ఆలస్యంగా తగులుతుంది. ఉద్యోగ విరమణ, భార్య లేదా భర్త మరణం లాంటివాటికి ఎస్ఎస్ఏ-44 ఫారం పెట్టి తగ్గింపు అడగొచ్చు. ఇష్టపూర్వకంగా ఆస్తి అమ్మడం ఆ జాబితాలో లేదు. కొనేవాడు ఒప్పుకుంటే సొమ్మును రెండు పన్ను సంవత్సరాలకు సర్దుకోవడం గురించి అమ్మకానికి ముందే అకౌంటెంట్‌ను అడగాలి.

ఆరు నెలలు ఇండియాలో ఉంటాం, అక్కడ మెడికేర్ చెల్లదు కదా అని పార్ట్ బి ఆపేసేవాళ్లున్నారు. ఇండియాలో అది చెల్లని మాట నిజమే. కానీ ఉద్యోగం ద్వారా బీమా ఉన్నవారికిచ్చే మినహాయింపు వర్తించకపోతే, వదిలేసిన ప్రతి 12 నెలలకు 10 శాతం జరిమానా జీవితాంతం ఉంటుంది. పైగా దాన్ని ఆ ఏటి ప్రామాణిక ప్రీమియం మీదే లెక్కిస్తారు. రెండేళ్లు ఆపినవారికి 2026లో నెలకు సుమారు 40 డాలర్లు అదనం, ప్రీమియం పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది. మళ్లీ చేరడానికి జనవరి నుంచి మార్చి దాకానే గడువు.