కెమెరాకి ఇన్సూరెన్స్ ఉంది సరే, ట్రైపాడ్ తట్టుకుని పడ్డవాళ్లకో?

జనరల్ ఇన్సూరెన్స్ పాలసీలు రాయడం నా పని. చలికాలం ఆదివారాల్లో తేలినీలాపురం పక్షుల వెంట కెమెరా పట్టుకుని తిరగడం నా పిచ్చి. విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం, దగ్గరపడిందంటే సాటి పిచ్చివాళ్ల ఫోన్లు మొదలవుతాయి. వాళ్ల దగ్గర వినే మాటలే ఇవి.

అపోహ: "కెమెరాకి పాలసీ కట్టేశానండీ, ఇంకేటి?"

వాస్తవం: అది మీ కెమెరా పోతేనో పగిలితేనో మీకు డబ్బిచ్చే పాలసీ. మీ ట్రైపాడ్ తట్టుకుని ఓ పెద్దావిడ తుంటి ఎముక విరిగితే దానికి సంబంధం లేదు. అవతలివాళ్ల నష్టానికి చెల్లించేది లయబిలిటీ కవర్. విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర సిరిమాను రోజు ఎలా ఉంటుందో తెలుసుగా! ఆ పొడవాటి మాను కదిలిందంటే అందరి కళ్లూ దాని చివర పైన కూర్చున్న పూజారి మీదే. కింద మూడు కాళ్లు చాపుకున్న స్టాండుని ఎవరు చూస్తారు? మీ నిర్లక్ష్యమే అని తేలితే ఆసుపత్రి ఖర్చు, ఆవిడ పోగొట్టుకున్న కూలి, లాయరు ఫీజు అన్నీ మీ జేబులోంచే. పాలసీలు అమ్మేవాణ్ణి, అనకూడదు గానీ, ఆ రోజు నా ట్రైపాడ్ ఇంట్లోనే ఉంటుంది.

అపోహ: "నేను సరదాకి తీస్తాను, నాకేం బాధ్యత?"

వాస్తవం: దెబ్బ తిన్నవాళ్లకి మీ సరదాతో పనేముంది? అసలు తిరకాసు వేరే ఉంది. సరదాకే అని పాలసీ తీసుకుని, తెలిసినవాళ్ల పెళ్లికి డబ్బులు పుచ్చుకుని తీశారనుకోండి. అక్కడేదైనా జరిగితే ఇది వ్యాపారం అంటూ కంపెనీ క్లెయిమ్ తిరగ్గొట్టవచ్చు. ఎప్పుడో ఒకసారి డబ్బులు తీసుకున్నా సరే, పాలసీకి ముందు నింపే ప్రపోజల్ ఫారంలో రాసేయండి.

అపోహ: "1991 చట్టం ప్రకారం లయబిలిటీ పాలసీ అందరికీ తప్పనిసరట."

వాస్తవం: ఆ పబ్లిక్ లయబిలిటీ చట్టం ప్రమాదకర పదార్థాలతో పనిచేసే సంస్థలకి. మామూలు కెమెరాకి కాదు. డ్రోన్ సంగతి వేరు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాల్సిందే. కళింగపట్నం బీచ్‌లో ఎగరేసేవాళ్లు ముందు బరువు చూసుకోండి.

అపోహ: "పాలసీ ఉంటే ఎక్కడైనా తీయొచ్చు."

వాస్తవం: శ్రీముఖలింగం గుడి, శాలిహుండం బౌద్ధ శిథిలాలు కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. ట్రైపాడ్ పెట్టాలంటే వాళ్ల అనుమతి కావాలి. పాలసీ చూపిస్తే కుదరదు.

అపోహ: "తప్పు నాదేనని రాసిచ్చేస్తే మిగతాది కంపెనీయే చూసుకుంటుంది."

వాస్తవం: కంపెనీ ఒప్పుకోకుండా మీరు బాధ్యత ఒప్పుకుంటే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. దెబ్బ తగిలినవాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లండి, కంపెనీకి వెంటనే చెప్పండి, సంతకం మాత్రం పెట్టకండి. నా క్లయింటు ఒకాయన లైట్ స్టాండు స్వీటు షాపు అద్దం మీద పడింది. కంగారులో మొత్తం కట్టేస్తానని కాగితం రాసిచ్చాడు. క్లెయిమ్ నెలల తరబడి నలిగింది. నష్టం లెక్కగట్టడానికి వచ్చే సర్వేయరు అడిగితే చూపించడానికి, మెడలో కెమెరా వేలాడుతూ కూడా, పగిలిన అద్దం ఫొటో ఒక్కటీ తీయలేదు మహానుభావుడు.