పసుపు, సున్నం, ఎలుక మెదడు

పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎరుపు ఎక్కడి నుంచి వస్తుందని మొన్న మా మేనకోడలు అడిగింది. ఎరుపు మనం పొయ్యలేదు. పసుపులోని కర్కుమినే క్షారం తగలగానే రూపు మార్చుకుంటుంది. ఆ నీళ్ళకి దిష్టి తీసే శక్తి ఏమీ లేదు, కానీ వాటిని చూస్తే నాకు ఎలుక మెదడు కాండం గుర్తొస్తుంది.

మెదడు కోతలకు పైనుంచి రంగు అద్దితే కణాలు కనిపిస్తాయి, ఏ కణంలో ఏ రసాయనం ఉందో తెలియదు. 1962లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఫాల్క్, హిలార్ప్ కణంలోని రసాయనాన్నే వెలిగేలా చేశారు. మెదడు ముక్కను గడ్డకట్టించి, నీరంతా లాగేసి, 80 డిగ్రీల వేడిలో ఫార్మాల్డిహైడ్ ఆవిరి పట్టించారు. జువాలజీ ల్యాబులో కప్పల సీసా మూత తీస్తే కళ్ళు మండించేది ఇదే. తడి ఫార్మలిన్‌లో ముంచితే అమీన్లు, అంటే నాడీకణాల మధ్య కబురు మోసే డోపమిన్ లాంటి రసాయనాలు, కరిగి జారిపోతాయి. ఆవిరిలో మాత్రం ఫార్మాల్డిహైడ్ తన ఒక్క కార్బన్‌తో డోపమిన్ తోకను వలయానికి కట్టేస్తుంది. అలా పుట్టిన డైహైడ్రోఐసోక్వినోలిన్ ఊదా కాంతి పడితే ఆకుపచ్చగా వెలుగుతుంది. నోరడ్రినలిన్‌దీ అదే రంగు. సెరటోనిన్ పసుపుగా వెలిగి, చూస్తుండగానే వెలిసిపోతుంది.

ఎర్రనీళ్ళలో నిమ్మకాయ పిండి చూడండి, మళ్ళీ పసుపే. ఇక్కడా అంతే! సోడియం బోరోహైడ్రైడ్ అనే రసాయనం తగిలితే వెలుగు ఆరుతుంది, మళ్ళీ ఆవిరి పట్టిస్తే వస్తుంది. ఆరి మళ్ళీ వెలిగిందంటే అది అమీన్‌దే, కణజాలం సొంత మెరుపు కాదు. నాకు ఈ పరీక్షంటే ఎంత ఇష్టమో!

1964లో హిలార్ప్ శిష్యులు అన్నికా డాల్‌స్ట్రోమ్, షెల్ ఫుక్సే ఎలుక మెదడును అడుగు నుంచి పైకి వెతికి, ఆకుపచ్చ గుంపులకు ఏ1 నుంచి ఏ12, పసుపు వాటికి బీ1 నుంచి బీ9 అని పేర్లు పెట్టారు. ఏ6లో ఒక్కో పక్క సుమారు 1,500 కణాలే. వాటి పోగులు కార్టెక్స్ (మెదడు పైపొర) నుంచి వెన్నుపాము దాకా పాకుతాయి. పార్కిన్సన్ జబ్బులో మనుషులకు నశించేవి ఏ9 కణాలు.

ఒక్క చిక్కు మిగిలింది. అడ్రినలిన్ ఈ ఆవిరికి సరిగా వెలగదు. 1974లో హోక్‌ఫెల్ట్ బృందం దాన్ని తయారుచేసే ఎంజైమును యాంటీబాడీతో పట్టుకుంది. ఆ కణాలు ఏ1, ఏ2 గుంపుల పొరుగునే ఉన్నాయి. వాటికి సీ1, సీ2 అని పేరు పెట్టారు.