ఫ్లై ఫిషింగ్: అపోహలు - వాస్తవాలు (కర్నూలు నుంచి ఒక ఈకల వ్యాపారి)

మాది కర్నూలు. మా ఇంటి వసారాలో నలుగురు ఆడవాళ్ళం కూర్చుని, గాలపు కొక్కేలకు కోడి ఈకలు, ఉన్ని, దారం చుట్టి ఉత్తుత్తి పురుగులు కడతాం. వాటినే ఫ్లైలు అంటారు. చేప వాటిని నిజం పురుగులనుకుని నోట్లో వేసుకుంటుంది. అలా పట్టడమే ఫ్లై ఫిషింగ్. ఫ్లైలు అమ్ముతాను, చలికాలం ఆదివారాల్లో నేర్చుకుంటామన్న వాళ్ళను నీళ్ళ దగ్గరికి తీసుకెళ్తాను. మా ఇల్లు గడిచేది దీని మీదే. ఈ సంగతి చెబితే కొందరు నమ్మరు, కొందరు "మాకూ చెప్పక్కా, బాగా మిగులుతుందా?" అంటారు. ఇద్దరికీ కలిపి ఇది రాస్తున్నా.

అపోహ: సీమలో తాగడానికే నీళ్ళు లేవు, ఇంక చేపలు పట్టేదెక్కడ?

అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. కరువు మాట అబద్ధమేం కాదు. కరువు సీమ కాబట్టే ఎక్కడికక్కడ నీళ్ళను కట్టేసి నిలబెట్టుకున్నారు. కర్నూలును ఆనుకుని తుంగభద్ర, ఊళ్ళోనే వచ్చి అందులో కలిసే హంద్రీ, ఎగువన సుంకేసుల, అక్కణ్ణుంచి కడప దాకా పోయే కె.సి. కాలువ, హంద్రీ మీద గాజులదిన్నె, కడప వైపు పెన్న మీద గండికోట, మైలవరం. సంగమేశ్వరం గుడిని నెలల తరబడి ముంచేసే శ్రీశైలం వెనుక జలాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మాకు వచ్చే చిక్కు నీళ్ళ రంగుతో. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద నీళ్ళు ఎర్రగా, చిక్కగా వస్తాయి. ఆ నీళ్ళలో ఫ్లై వేస్తే చేపకు కనిపించదు. దసరా దీపావళి దాటి నీళ్ళు తేరుకున్నాకే మా సీజన్. ఫిబ్రవరి పోతే ఎండలు.

అపోహ: గాలమే కదా, ఇంగ్లీషు పేరు పెట్టి డబ్బులు గుంజుతున్నారు.

మామూలు గాలంలో సీసం గుండో ఎర బరువో దారాన్ని ముందుకు లాక్కుపోతుంది. ఫ్లైకి బరువే ఉండదు. ఎంత గట్టిగా విసిరినా కాళ్ళ దగ్గరే పడుతుంది. అందుకని ఇందులో బరువంతా దారంలో పెట్టారు. ప్లాస్టిక్ పూత వేసిన లావుపాటి దారం అది. దాని మీద 5 అని ఉంటే మొదటి 30 అడుగుల బరువు 9 గ్రాముల చిల్లర, 8 అని ఉంటే 13 గ్రాములు దాటుతుంది. రాడ్ (గాలపు కర్ర) మీద కూడా ఇదే నంబరు వేసి ఉంటుంది, రెండూ కలవాలి. ఆ దారం కొసకు పోనుపోను సన్నబడే నైలాన్ లీడర్, దాని కొసకు ఫ్లై.

రాడ్‌ను వెనక్కి ఊపి టక్కున ఆపాలి. దారం గాల్లో వెనక పూర్తిగా చాచుకునే దాకా ఓపిక పట్టి, అప్పుడు ముందుకు తోయాలి. ఎద్దులబండి తోలిన వాళ్ళకు చెర్నాకోల ఝళిపించడం ఎట్లా వస్తుందో ఇదీ అంతే. కొత్తవాళ్ళు ఆ వెనక ఆగే చోటే తొందరపడతారు. దారం ఇంకా విప్పుకోక ముందే ముందుకు లాగేసరికి కొసన ఫ్లై ఫట్‌మని తెగిపోతుంది. తెగిన ప్రతి ఫ్లైకీ వాళ్ళు నాకే డబ్బులిస్తారు కాబట్టి నేనేం కంగారు పడను, అది వేరే సంగతి.

అపోహ: భుజబలం కావాలి, ఆడవాళ్ళ వల్ల కాదు.

అమెరికాలో జోన్ వుల్ఫ్ అనే ఆవిడ 1951లో మగవాళ్ళందరితో పోటీపడి దూరం విసిరే పందెంలో గెలిచింది. 1960లో 161 అడుగులు విసిరింది. 1979లో భర్తతో కలిసి ఫ్లై ఫిషింగ్ నేర్పే బడి పెట్టింది. అంతకన్నా ముందు, 1897లో అమెరికాలోని మెయిన్ (Maine) అనే రాష్ట్రం వేట గైడ్లకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెడితే మొట్టమొదటి లైసెన్సు తీసుకున్నది కార్నీలియా క్రాస్బీ అనే ఆడమనిషి.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. మన నదుల మీద పుట్టిలో భర్త వల వేస్తుంటే తెడ్డు పట్టుకునేది చాలా చోట్ల భార్యే. వల బాగుచేసేది, చేపలు బుట్టలో పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మేది ఆడవాళ్ళే. ఒడ్డున రాడ్ పట్టుకుని నిలబడితే మాత్రం "యాడికమ్మా, ఒక్కదానివే వచ్చినావు?" అని అడుగుతారు. నా మటుకు నేను ఒంటరిగా పోను. ఇద్దరం ముగ్గురం కలిసి పోతాం, నీడనిచ్చే టోపీ, నిండు చేతుల చొక్కా, చీకటి పడక ముందే తిరుగుముఖం. బలం ఎక్కువున్న మగపిల్లలకు నేర్పడమే నాకు కష్టం. వాళ్ళు ప్రతిదీ భుజంతో లాగుతారు.

అపోహ: ఫ్లై ఫిషింగంటే ట్రౌట్ చేపే. మన దగ్గర పనికిరాదు.

ట్రౌట్ చల్లటి నీళ్ళ చేప. ఇంగ్లీషు వాళ్ళు 1900 ప్రాంతంలో కాశ్మీరుకు తెచ్చారు, తర్వాత కులూ వైపు, మున్నార్, నీలగిరుల్లో నిలదొక్కుకుంది. తుంగభద్రలో వేస్తే ఒక్క ఎండాకాలం బతకదు. కానీ పురుగునో చిన్న చేపనో వెంటాడి తినే చేప ఏదైనా ఫ్లైకి వస్తుంది. మా దగ్గర జిలేబి (తిలాపియా), కొర్రమీను, చిన్న వాలుగలు, కాలువ పరిగెలు. బంగారుతీగ కూడా వస్తుంది, కాకపోతే నీళ్ళ అడుగున దాని మూతి ముందరే ఫ్లై పడాలి. బొచ్చె రాదు. అది నీళ్ళలోని సన్నటి నలుసుల్లాంటి జీవాలను వడకట్టుకుని తినే చేప, దానికి పురుగుతో పనిలేదు. "పది కిలోల బొచ్చె పట్టించక్కా" అని వచ్చే వాళ్ళను నేను మామూలు గాలం వాళ్ళ దగ్గరికే పంపిస్తాను.

కొర్రమీను గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వానాకాలంలో గడ్డి మధ్య నీళ్ళ మీద ఎర్రటి చిన్న పిల్లలు ముద్దగా కదులుతుంటాయి. వాటి కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ ముద్ద మీద ఏది వేసినా తల్లిచేప కోపంతో వచ్చి కొరుకుతుంది, పట్టడం చాలా తేలిక. దాన్ని తీసేస్తే నిమిషాల్లో మిగతా చేపలు పిల్లల్ని తినేస్తాయి. ఆ పని చేసిన వాళ్ళను నా బ్యాచ్‌లో మళ్ళీ రానివ్వను, ఎంత డబ్బు ఇచ్చినా.

అపోహ: చేపలమ్మే సంపాదిస్తావా?

నేను చేప అమ్మను. డబ్బులు వచ్చేది కట్టుడు పనిలో. ట్రౌట్ కోసం కొండ ప్రాంతాలకు పోయే వాళ్ళు, మహసీర్ అనే పెద్ద నది చేప కోసం తిరిగే బెంగుళూరు కుర్రాళ్ళు ఒక్కో ట్రిప్పుకు డజన్ల లెక్కన ఫ్లైలు పోగొట్టుకుంటారు. రాయికి తగిలి, చెట్టుకు చిక్కి. రాడ్ ఒకసారి కొంటే ఏళ్ళు వస్తుంది, ఫ్లై మాత్రం మళ్ళీ మళ్ళీ కొనాల్సిందే.

మేం ఎక్కువగా కట్టేది ఊలీ బగ్గర్ అనే రకం ఫ్లై. కొక్కేన్ని కదలకుండా పట్టుకునే చిన్న వైజ్‌లో బిగిస్తాం. కన్ను (లీడర్ దూర్చే కంత) దగ్గర మొదలుపెట్టి వంపు దాకా దారం ఒత్తుగా చుడతాం. వంపు దగ్గర మెత్తటి నూగు ఈక తోక, కొక్కెం పొడవంతే ఉండాలి. ఎక్కువైతే చేప తోక కొరికి పోతుంది, కొక్కెం తగలదు. తర్వాత ఒంటికి ఉన్నిదారం. దాని మీద కోడిపుంజు మెడ ఈకను ఎడం ఎడంగా చుట్టలు తిప్పుకుంటూ ముందుకు తేవాలి. నీళ్ళలో ఆ ఈక పోచలే కాళ్ళలా ఆడతాయి. చివర కన్ను వెనక ముడి, దాని మీద రంగులేని నెయిల్ పాలిష్ చుక్క. ఇక్కడే కొత్త చేతులు దారాన్ని కన్ను మీదికి ఎక్కించేస్తాయి. కొన్నవాడు నది ఒడ్డున వణికే చలిలో ఆ కంతలో లీడర్ దూర్చలేక మనల్ని తిట్టుకుంటాడు. అందుకే మా వదిన ప్రతి ఫ్లై కన్నులో సూది దూర్చి చూశాకే డబ్బాలో వేస్తుంది.

నాతో పనిచేసే ఇద్దరు ఇదివరకు మగ్గం వర్క్ చేసిన వాళ్ళు. వాళ్ళకు నేను నేర్పింది తక్కువ. దారం బిగువు వాళ్ళ వేళ్ళకు ముందే తెలుసు. "చేపలు పట్టడం రాకుండా ఫ్లై ఎట్లా కడతారు?" అని అడుగుతుంటారు. స్కాట్లండులో మెగన్ బాయిడ్ అనే ఆవిడ దశాబ్దాల పాటు సాల్మన్ ఫ్లైలు కట్టింది, 1971లో బ్రిటిష్ ప్రభుత్వం పతకం ఇచ్చింది. ఆమె ఫ్లైలకు అంత పేరున్నా, ఆమె మాత్రం సాల్మన్ పట్టలేదు.

అపోహ: ఈకలే కదా, ఏవైనా వాడుకోవచ్చు.

జాగ్రత్త. నల్లమల అడవికోడి మెడ ఈకల మీద మైనం చుక్కల్లాంటి మచ్చలు ఉంటాయి. పాతకాలం ఇంగ్లీషు ఫ్లైలలో వాటికి మహా గిరాకీ. ఇప్పుడు ఆ పక్షికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఈక ముట్టుకోవద్దు. జింక వెంట్రుకలదీ అదే కథ. విదేశీ వీడియోల్లో జింక వెంట్రుకలతో కప్ప ఫ్లై కడతారు, అక్కడ అది చట్టబద్ధం. మనం ఫోమ్ షీటు కత్తిరించి కడతాం, అదీ చక్కగా తేలుతుంది. నెమలి రాల్చిన తోక ఈకలు దేశం లోపల అమ్ముకోవచ్చు, విదేశాలకు పంపకూడదు. పార్సిల్‌లో నెమలి పోచ ఒక్కటున్నా తలనొప్పే. అందుకని మా దగ్గర నెమలి ఈక వాడిన ఫ్లైలకు డబ్బా వేరు, బయటి దేశం ఆర్డర్లకు ఆ డబ్బా తెరవం.

మంచి సరుకు మన చుట్టూనే ఉంది. అనంతపురం వైపు గొంగళ్ళు నేసే నల్ల గొర్రె ఉన్ని గరుకుగా, పోచలు పోచలుగా ఉంటుంది. గొంగడి కప్పుకుంటే గుచ్చుకునే ఆ గరుకే నీళ్ళలో పురుగు ఒంటిని నిజంలా చూపిస్తుంది. చికెన్ షాపు బ్రాయిలర్ ఈక మాత్రం దండగ. నీళ్ళ మీద తేలే ఫ్లైకి పోచలు బిరుసుగా ఉండాలి, అందుకు వయసొచ్చిన నాటు పుంజు మెడ కావాలి.

అపోహ: పట్టి వదిలేస్తారు కాబట్టి చేపకు ఏమీ కాదు.

వదిలే పద్ధతిని బట్టి ఉంటుంది. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. పెనుగులాడి అలసిన చేపకు మే నెల నీళ్ళలో ఊపిరి చాలదు. అందుకే మార్చి నుంచి నేను క్లాసులు పెట్టను. మిగతా రోజుల్లో కొక్కెం కొస దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును ప్లయర్‌తో నొక్కేయాలి, చేతులు తడుపుకుని పట్టుకోవాలి, మొప్పల్లో వేలు పెట్టకూడదు. ఫోటో కావాలంటే ముందు ఫోన్ సిద్ధం చేసుకుని అప్పుడు చేపను పైకెత్తండి. జిలేబి సంగతి వేరు. అది బయటి నుంచి వచ్చి మన చేపల గూళ్ళు ఆక్రమించినది, దాన్ని వదలమని నేను ఎవరికీ చెప్పను. వేపుడుకు బాగుంటుంది.

అపోహ: లక్షలు పెడితేనే వ్యాపారం.

వైజ్, కత్తెర, దారపు కండె పట్టే బాబిన్, కొక్కేలు, కాస్త సరుకు. కట్టడం మొదలుపెట్టడానికి కుట్టుమిషన్ ఖరీదు కూడా కాదు. చిన్న వ్యాపారాల నమోదు, అంటే ఉద్యం రిజిస్ట్రేషన్, ప్రభుత్వ పోర్టల్‌లో పైసా లేకుండా అవుతుంది. నా దగ్గర మాత్రం ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో "ఆఫీసు ఖర్చులు" అని రెండు వేలు తీసుకున్నారు. ఎగుమతి చేయాలంటే ఐ.ఇ.సి. (ఎగుమతి దిగుమతుల) కోడ్, దానికి ఫీజు 500 రూపాయలు. ఈకలున్న సరుకుకు కొనే దేశం వాళ్ళ నిబంధనలు వేరే ఉంటాయి, ఆర్డరు ఒప్పుకునే ముందే అడగండి. లోను అవసరమైతే ప్రభుత్వ ముద్ర పథకం ఉంది, కానీ మొదటి ఏడాది తీసుకోవద్దనే నా సలహా. ఏ ఫ్లై అమ్ముడుపోతుందో తెలియక ముందే సరుకు నింపుకుంటే ఈకలకు పురుగు పడుతుంది. నాఫ్తలీన్ ఉండలు వేసిన డబ్బాలో పెట్టినా సరే, నెలకోసారి తీసి దులపాల్సిందే.

అపోహ: నది ఎవడబ్బ సొమ్ము? ఎక్కడైనా పట్టుకోవచ్చు.

చెరువులు, రిజర్వాయర్లలో చేపల హక్కు చాలా చోట్ల మత్స్యకార సహకార సంఘాలది. పిల్ల వేసి, కాపలా కాసి, దాని మీద బతికేది వాళ్ళు. మనం వదిలేసేవాళ్ళమే అయినా వాళ్ళను అడగకుండా దిగడం తప్పు. శ్రీశైలం వైపు పులుల అభయారణ్యం పరిధిలోకి వచ్చే నీళ్ళలో అటవీశాఖ అనుమతి లేకుండా దిగితే కేసే. నేను కొత్త చోటికి పోయేటప్పుడు ముందు రోజు ఆ ఊరి సంఘం పెద్దమనిషికి ఫోన్ చేస్తాను. "వల ఎక్కడ కట్టినారన్నా, ఏ పక్కకు రాకూడదు?" అని అడిగితే చాలు, మిగతాది ఆయనే చెబుతాడు. పుట్టి కావాలంటే రోజు కూలి ముందే మాట్లాడుకోండి, మధ్యాహ్నం భోజనం మనదే. పుట్టి వాళ్ళు వల కట్టిన చోటు చూపించాక ఆ ఫోటోలు, లొకేషన్ నెట్‌లో పెట్టకండి.