ఐవరీనా, ఆఫ్ వైటా?

తిరుపతిలో కొత్త ఇల్లు కట్టుకున్నవారు షేడ్ కార్డు ముందు పెట్టుకుని ఎక్కువగా తర్జనభర్జన పడేది ముదురు రంగుల దగ్గర కాదు, ఐవరీకీ ఆఫ్ వైట్‌కీ మధ్యనే. రెండింటికీ తెల్లదనాన్నిచ్చేది టైటానియం డయాక్సైడ్ పొడే. తేడా అంతా అందులో కలిపే చిటికెడు పసుపు, నలుపు స్టెయినర్లది, అంటే ఛాయనిచ్చే గాఢమైన రంగులది. కార్డు మీద కనీకనిపించని ఆ ఛాయ నాలుగు గోడలకూ పూశాక చిక్కబడుతుంది. ఒక గోడ మీద పడిన వెలుగు ఎదుటి గోడకు, అక్కడి నుంచి మళ్లీ ఇటువైపుకు ప్రతిఫలిస్తూ ప్రతిసారీ అదే ఛాయను మరికొంత పులుముకోవడమే అందుకు కారణం. నేల కూడా ఊరుకోదు. ఎర్ర గచ్చు మీద ఎండ పడితే గోడ అడుగుభాగం గులాబీ జీర తేలుతుంది.

ఉత్తరపు కిటికీ గదికి బూడిద ఛాయ తెలుపు వద్దంటారు, అటునుంచి వచ్చేది ఆకాశపు నీలి వెలుగే కనుక అది మాసినట్టు కనబడుతుందని. మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణాననే ఉండే దేశాలకు ఈ మాట బాగా వర్తిస్తుంది. తిరుపతి ఉన్నది సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు ఇక్కడ మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు కాబట్టి, ఉత్తరాన శేషాచలం కొండల వైపు తెరుచుకునే కిటికీలోకి సైతం ఆ నెలల్లో ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ వస్తుంది.

ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చునేది మాత్రం పొద్దుపోయాకే కాబట్టి, నా మటుకు నేను రాత్రి దీపానికే ఎక్కువ విలువ ఇస్తాను. నీలి తెలుపు వెలుగిచ్చే 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు కింద పసుపు ఛాయ తగ్గినట్టుంటుంది, పసుపు వెలుగిచ్చే 2700 కెల్విన్ బల్బు కింద పెరిగినట్టుంటుంది. వేర్వేరు స్టెయినర్లతో తయారైన రెండు రంగులు పగటి వెలుగులో ఒకేలా ఉండి, ఎల్‌ఈడీ కింద విడిపోవడమూ ఉంది. దీన్నే మెటామెరిజం అంటారు.

పక్కనున్న రంగు కంటిని ఎలా తప్పుదోవ పట్టిస్తుందో పారిస్‌లోని గోబెలిన్స్ అద్దకశాలలో పనిచేసిన రసాయనవేత్త షెవ్రల్ 1839లో పుస్తకంగా వివరించాడు. నల్లదారం వెలసినట్టుందన్న ఫిర్యాదును పరిశీలిస్తే, లోపం అద్దకంలో కాక పక్క దారాల రంగుల్లో ఉందని తేలింది. పాత ఆకుపచ్చ గోడ మీదే కొత్త నమూనా పూసి చూడకూడదన్నది ఇందువల్లనే. రెండు పెద్ద అట్టలకు రెండేసి కోట్లు వేసి, వాటిని టేకు ద్వారబంధం పక్కన, ఫ్లోర్ టైల్స్ దగ్గర, తెల్లటి సీలింగ్ కింద ఒక్కొక్కటిగా నిలబెట్టి చూడాలి. పక్కపక్కన పెడితే, గదిలో ఎప్పటికీ కలిసి ఉండని రెండు రంగుల తేడాను కన్ను పెంచి చూపుతుంది. అట్ట పూర్తిగా ఆరే వరకు ఆగడమూ అవసరమే, ఎందుకంటే పచ్చిగా ఉన్నప్పుడు పాలలా కనిపించే ఎమల్షన్ ఆరాక పిసరంత ముదురుతుంది.