కొత్తవాళ్ళు మన మాట వినరు, మనల్ని చూస్తారు: నెట్‌వర్క్ మార్కెటింగ్ శిక్షణలో అపోహలు - వాస్తవాలు

నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో, అంటే సరుకు అమ్ముతూ, అమ్మేవాళ్ళనూ చేర్చుకునే వ్యాపారంలో, కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పుతూ చాలా ఏళ్ళు గడిచాయి. బోర్డు మీద రాసి చెప్పినదానికన్నా, పక్కన కూర్చుని చూసినదే వాళ్ళకు పట్టుబడింది. చూసినదాంట్లో చెడ్డ కూడా పట్టుబడుతుందని మాత్రం ఆలస్యంగా తెలిసింది.

అపోహ: మనకు ఎదురయ్యే రిజెక్షన్లు కొత్తవాళ్ళ కంట పడకూడదు, బెదిరిపోతారు.

వాస్తవం: 'వద్దు' అన్న మాటకు ఎవరూ అంతగా బెదరరు. అది తమకొక్కరికే ఎదురవుతోందనుకుంటేనే బెదురుతారు. నేనూ చాలాకాలం దాచాను. ఒప్పుకునేలా ఉన్నవాళ్ళ దగ్గరికే వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళేవాణ్ణి. తర్వాత ఒంటరిగా వెళ్ళి రెండు మూడు చోట్ల కాదనిపించుకోగానే, వాళ్ళు నా ఫోన్ ఎత్తడం మానేసేవారు. ఇప్పుడు నా నేమ్ లిస్ట్ (మాట్లాడాల్సినవాళ్ళ పేర్ల జాబితా) ముందు పెట్టుకుని, వాళ్ళ ఎదుటే కాల్స్ చేస్తాను. (స్పీకర్ ఆన్ చేస్తే అవతలివారికి ముందే చెబుతాను. అదీ నేర్చుకోవాల్సిందే.)

ఒకసారి ఇలాగే ఒకాయన మర్యాదగా వద్దన్నారు. ఫోన్ పెట్టేసి, "వీళ్ళింతే, ఎప్పటికీ బాగుపడరు" అని మూతి విరిచాను. వారం తిరగకుండానే, ఆ రోజు నా పక్కన కూర్చున్న కుర్రాడు వాళ్ళ బాబాయి గురించి అదే మాట, అదే విరుపుతో అన్నాడు. ఆ కాల్ నేనెలా మొదలుపెట్టానో అడిగితే మాత్రం అతనికి ఒక్క ముక్క గుర్తులేదు! 1961లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా చేసిన ప్రయోగమూ ఇదే చెప్పింది. ఒక పెద్ద మనిషి గాలి బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు, ఆ దెబ్బలతో పాటు అప్పుడు విన్న మాటలనూ దించేశారు. ఇప్పుడు కాల్ అయ్యాక పేరు పక్కన 'వద్దన్నారు' అని రాసుకుని తర్వాతి నంబర్‌కు వెళ్ళిపోతాను.

అపోహ: వ్యాపారం ఎలా నడుస్తుందో వివరించే 'ప్లాన్' అద్భుతంగా చెప్పేవాడే మంచి ట్రైనర్.

వాస్తవం: వినేవాడు చప్పట్లు కొట్టి "ఇది మనవల్ల కాదు" అనుకుని వెళితే ఆ అద్భుతం దండగ. 1950లలో టప్పర్‌వేర్ ఇంటింటి పార్టీలను పెంచిన బ్రౌనీ వైజ్, ద్రవం నింపి మూత బిగించిన గిన్నెను గదిలో అటూ ఇటూ విసిరి చూపించేది. కారలేదని చూసేవాళ్ళకు తెలిసిపోయేది. మరునాడు తామూ చేయగలమనీ అర్థమయ్యేది.

అపోహ: దగ్గరుండి అన్నీ చేసిపెట్టడమే సాయం.

కాదు. మొదటి కొన్ని కాల్స్ నావి, తర్వాతవి వాళ్ళవి. అప్పుడు పక్కన నోరు మూసుకుని కూర్చోవాలి. నాకు ఇప్పటికీ కష్టమైన పని అదే.

అపోహ: ర్యాంక్ వచ్చాక సొంతంగా అమ్మనక్కర్లేదు, మీటింగులు పెడితే చాలు.

వాస్తవం: అప్‌లైన్ (చేర్చినవాళ్ళు) అమ్మకపోతే డౌన్‌లైన్ (వాళ్ళ కింద చేరినవాళ్ళు) కూడా అమ్మదు. మనుషుల్ని చేర్చడమే వ్యాపారమనుకుంటుంది. పిరమిడ్ స్కీమ్‌కూ మనకూ మధ్య గీత అక్కడే ఉంది. 1979లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీ ఆమ్‌వే పిరమిడ్ కాదని తేల్చినప్పుడు చూసిన ఆ కంపెనీ నియమాల్లో, కొన్న సరుకులో 70 శాతమైనా అమ్మాలన్నదీ, నెలకు 10 మంది కస్టమర్లకు అమ్మాలన్నదీ ఉన్నాయి. సంపాదన గురించి గొప్పలు చెప్పొద్దని అదే తీర్పులో ఆమ్‌వేనూ ఆదేశించింది. నా కస్టమర్ల పేర్లు, మళ్ళీ ఎప్పుడు కొన్నారన్న తేదీలు ఒక నోట్‌బుక్‌లో ఉంటాయి. ఎవరడిగినా తెరిచి చూపిస్తాను.

అపోహ: కారు, టూర్ ఫోటోలు చూపిస్తేనే స్ఫూర్తి.

వాస్తవం: చట్టబద్ధమైన కంపెనీల్లో చేరినా ఎక్కువమందికి మిగిలేది కొంచెమే, లేదా ఏమీ ఉండదని అదే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చెబుతుంది. అందుకే ఫోటోల బదులు నా నెల లెక్క చూపిస్తాను. వచ్చిన కమిషన్ ఒకవైపు. ప్రయాణాలు, హాలు అద్దె, శాంపిళ్ళు, సొంతానికి కొన్న సరుకు మరోవైపు. ఆ పేజీ చూసి చేరకుండానే లేచి వెళ్ళినవాళ్ళున్నారు, ఆపలేదు. చేరిన ఒకావిడ మాత్రం మరునాడే కొత్త నోట్‌బుక్‌తో వచ్చింది. ఖర్చుల వైపు మొదటి వరుసలో ఆ నోట్‌బుక్ ధర రాసి ఉంది.