రాత్రి తాగింది తెల్లారేసరికి దిగుతుందా?

"మా తమ్ముడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. శనివారం రాత్రి స్నేహితులతో కలిసి తాగి హాస్టల్లోనే పడుకుంటాడు. ఆదివారం పొద్దున ఆరింటికి బండి మీద ఇంటికి వస్తాడు. రాత్రిపూట బండి ముట్టుకోవడం లేదు కాబట్టి మేమూ ఏమీ అనడం లేదు. నిద్రపోతే దిగిపోతుంది కదండీ?" అని ఒక పాఠకురాలు అడిగారు.

దిగదండీ. ఎందుకు దిగదో చెప్పాలంటే కాలేయంలోకి వెళ్లాలి. అక్కడ జరిగేది శరీర రసాయనంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వ్యవహారం.

జ్వరానికి పారాసెటమాల్ వేసుకుంటే రెండు మూడు గంటల్లో రక్తంలోని మందు సగమవుతుంది, ఇంకో రెండు మూడు గంటల్లో ఆ మిగిలినదీ సగమవుతుంది. మందు ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్కువగా, తక్కువగా ఉన్నప్పుడు తక్కువగా పోతుంది. దాదాపు అన్ని మందులదీ ఇదే తీరు. ఆల్కహాల్ దారి వేరు. ఎంత తాగినా గంటకు పోయేది ఒకటే మోతాదు.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లినవాళ్లందరికీ పంతంగి టోల్‌ప్లాజా తెలుసు. వెనక వంద కార్లున్నా వెయ్యి కార్లున్నా ఒక్కో గేటు నుంచి గంటకు దాటేవి అన్నే. క్యూ పెరిగిందని గేటు వేగం పెరగదు. కాలేయంలో ఆ గేటు పేరు ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము. రక్తంలో ఆల్కహాల్ నూరు మిల్లీలీటర్లకు 15, 20 మిల్లీగ్రాములు దాటిందంటే చాలు, గేట్లన్నీ నిండిపోతాయి. ఆపైన వచ్చిందంతా రక్తంలో తిరుగుతూ వరసలో నిలబడాల్సిందే. ఒక కారు దాటాక గేటు కర్ర మళ్లీ యథాస్థానానికి వస్తేనే తరవాతి కారుకు దారి. ఇక్కడ ఆ కర్ర ఎన్ఏడీ అనే సహాయక అణువు. ఆల్కహాల్ నుంచి హైడ్రోజన్ లాక్కుని అది ఎన్ఏడీహెచ్ అవుతుంది, ఆల్కహాల్ ఎసిటాల్డిహైడ్ అవుతుంది. ఎన్ఏడీహెచ్ తన హైడ్రోజన్‌ను మైటోకాండ్రియాకు అప్పజెప్పి తిరిగి ఎన్ఏడీగా మారేదాకా ఆ గేటు తెరుచుకోదు. ఎసిటాల్డిహైడ్ మరో ఎంజైము చేతిలో ఎసిటేట్ అయి, చివరికి నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. ఈ గొలుసు మొత్తం గంటకు నూరు మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 15 మిల్లీగ్రాముల ఆల్కహాల్‌ను ఖాళీ చేస్తుంది. మనిషిని బట్టి ఇది 10 నుంచి 20 వరకు ఉంటుంది.

మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం గురించి ఇక వేరే చెప్పాలా? వీటిలో ఏ ఒక్కటీ కొత్త గేటు తెరవదు. కాఫీ నిద్రమత్తును మాత్రం పోగొడుతుంది, దాంతో తాగినవాడికి లేని ధైర్యం వస్తుంది. వాంతి చేసుకుంటే కడుపులో ఇంకా మిగిలి ఉన్నది పోతుందే తప్ప రక్తంలో చేరినది పోదు. చెమట, మూత్రం, ఊపిరి అన్నీ కలిపి బయటికి పంపేది పదో వంతు లోపే. నిద్ర కూడా ఈ వరసలోదే. మనం పడుకుంటే కాలేయమేమీ పరుగెత్తదు.

ఇప్పుడు లెక్క చేద్దాం. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ 1932లో ప్రచురించిన సూత్రాన్ని న్యాయస్థానాల్లో నేటికీ వాడుతున్నారు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో ఆల్కహాల్ 7 శాతం అనుకుంటే 45.5 మిల్లీలీటర్లు. సాంద్రత 0.789తో గుణిస్తే 36 గ్రాములు. అది శరీరంలో నీరున్న చోటల్లా పరుచుకుంటుంది. అందుకే బరువును మగవాళ్లకైతే 0.68తో, ఆడవాళ్లకైతే 0.55తో గుణిస్తారు. 70 కిలోల యువకుడికి 47.6 వస్తుంది. 36ను దానితో భాగిస్తే కిలోకు 0.75 గ్రాములు, అంటే నూరు మిల్లీలీటర్లకు ఇంచుమించు 75 మిల్లీగ్రాములు. మూడు సీసాలకు 225. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే పొద్దున ఆరింటికి తొమ్మిది గంటలు గడిచాయి. గంటకు 15 చొప్పున 135 పోయింది, ఇంకా 90 ఉంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ అనుమతించే 30కి అది మూడు రెట్లు. ఆ కుర్రవాడు 30కి దిగేసరికి ఉదయం పది, పూర్తిగా ఖాళీ అయ్యేసరికి మధ్యాహ్నం పన్నెండు. చట్టానికి రాత్రీ పగలూ తేడా లేదు. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇరవై ఒకటి నిండనివారికి మద్యం అమ్మడమే మన రెండు రాష్ట్రాల్లోనూ నేరమన్నది వేరే సంగతి.

"కానీ పొద్దున లేచేసరికి తేరుకునే ఉంటాడు కదా" అంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఎడ్వర్డ్ మెలన్‌బీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1919లో కుక్కల మీద ప్రయోగాలు చేసి ఒక వింత గమనించాడు. రక్తంలో ఆల్కహాల్ 90కి ఎక్కుతున్నప్పుడు కనిపించే మత్తు, అదే 90కి దిగుతున్నప్పుడు కనిపించదు. కొన్ని గంటల్లోనే మెదడు దానికి అలవాటు పడుతుంది. ఈ అలవాటు 'బాగానే ఉన్నాను' అన్న భావనకు వర్తించినంతగా బండి నడిపే నైపుణ్యానికి వర్తించదని తరవాతి పరిశోధనలు చూపాయి. అంటే తాగినవాడి మనసే తప్పుడు సాక్ష్యం చెబుతుంది. దానికి తోడు తాగి పడుకున్న నిద్ర ముక్కలు ముక్కలుగా సాగుతుంది కాబట్టి అలసట తీరదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు పట్టడం అర సెకను ఆలస్యమైతే 8 మీటర్లు ఎక్కువ. డిసెంబరు పొగమంచులో, వెనక లైటు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీ ముందు ఆ 8 మీటర్లు ప్రాణం ఖరీదు. పైగా ఆల్కహాల్ మొట్టమొదట దెబ్బతీసేది ఒకేసారి రెండు మూడు విషయాల మీద దృష్టి నిలిపే శక్తిని. పాతికేళ్లుగా బండి నడుపుతున్నవాడికి గేరు, క్లచ్చి చేతికి అలవాటైపోయి ఉంటాయి. కొత్తవాడు ప్రతిదానికీ దృష్టి పెట్టాలి. అందుకే రక్తంలో ఒకే మోతాదు ఉన్నా కుర్రవాళ్లకే ప్రమాదాలు ఎక్కువ. ఈ ముక్క డ్రైవింగ్ స్కూళ్లలో చెప్పరని నా బాధ. ఎనిమిది అంకె వేయించి, సైన్ బోర్డులు బట్టీ పట్టించి పంపేస్తారు.

ఇంకో భ్రమ కూడా పోవాలి. "ఎక్కేలోపు ఇల్లు చేరతాను" అని చివరి గ్లాసు గడగడా తాగి బయలుదేరేవాళ్లున్నారు. చివరి గుక్క తరవాత అరగంట నుంచి గంటన్నర దాకా రక్తంలో మోతాదు పెరుగుతూనే ఉంటుంది. అది శిఖరానికి చేరే వేళకు వాళ్లు నడిరోడ్డు మీద ఉంటారు. లవంగం, యాలకులు నమలడమూ ఇంతే. పోలీసుల పరికరం వాసన చూడదు. ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే గాలిలోని ఆల్కహాల్ ప్లాటినం ఎలక్ట్రోడు మీద ఆక్సీకరణం చెంది ఎసిటిక్ ఆమ్లం అవుతుంది, ఆ చర్యలో పుట్టిన విద్యుత్తును పరికరం కొలుస్తుంది. ఇథనాల్ నుంచి ఎసిటిక్ ఆమ్లం వస్తుందని పదో తరగతి రసాయన పాఠంలో అందరం రాసిందే. ఒక మిల్లీలీటరు రక్తంలో ఎంత ఆల్కహాల్ ఉందో 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో అంతే ఉంటుందన్న అంచనాతో రక్తం లెక్క తేలుస్తారు.

అమెరికాలో చదువుకునే మన పిల్లలకు ఇది మరీ అవసరం. అక్కడ చాలా రాష్ట్రాల్లో పెద్దల పరిమితి 80 మిల్లీగ్రాములు కాబట్టి పరవాలేదనుకుంటారు. కానీ ఇరవై ఒకటి నిండనివారికి 20కి చేరినా నేరమే. తాగి నడుపుతూ అరెస్టయితే, కేసు తేలకముందే విద్యార్థి వీసా రద్దు కావచ్చు.

ఇంటర్ రసాయన శాస్త్రం చెప్పే మాస్టార్లకు ఒక విన్నపం. విడ్‌మార్క్ లెక్కను పిల్లల చేత వాళ్ల సొంత బరువులతో చేయించండి. 55 కిలోల కుర్రవాడికి అవే మూడు సీసాలు 288 అవుతాయి. గంటకు 15 చొప్పున 30కి దిగడానికి 17 గంటలు పడుతుంది. అదే లెక్కను 20తోనూ 10తోనూ చేయిస్తే 13 గంటలు, 26 గంటలు వస్తాయి. తన కాలేయానిది ఏ వేగమో గంటగంటకూ రక్తపరీక్ష చేయించుకుంటే తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి, ఆ మూడింటిలో పెద్ద జవాబునే లెక్కలోకి తీసుకోమని చెప్పండి.