పీటర్ టోమిచ్ పతకం అందుకోవడానికి ఎవరూ ఎందుకు రాలేదు?

వలస వచ్చినవాళ్లు అమెరికాకు నిజంగా కట్టుబడి ఉంటారా అన్న వాదన అక్కడ మళ్లీ నడుస్తోంది. అందుకే పీటర్ టోమిచ్ అనే వలస నావికుడి గురించి చెప్పుకోవాలి. 1941 డిసెంబర్ 7న హవాయిలోని పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసినప్పుడు అతను యూటా అనే ఓడలో చనిపోయాడు. పెర్ల్ హార్బర్ దాడి సంగతి అందరికీ తెలిసిందే. నా దృష్టిలో ఈ కథకు కీలకం ఆ ఉదయం కాదు, ఆ తర్వాత పతకం పుచ్చుకోవడానికి మనిషి దొరకకపోవడం.

ఆ ఉదయం గురించి రెండు మాటలు మాత్రం. యూటా ఒక పాత యుద్ధనౌక. 1941 నాటికి దాన్ని గురి అభ్యాసానికి వాడుతున్నారు. టార్పెడోలు తగిలిన కొద్ది నిమిషాల్లోనే అది తలకిందులైంది. బాయిలర్ల బాధ్యత టోమిచ్‌ది, వయసు 48. ఓడ ఒరిగిపోతోందని తెలిసి కూడా, బాయిలర్లు ప్రమాదం లేని స్థితికి వచ్చి తన మనుషులంతా ఆ గది వదిలి వెళ్లేదాకా అతను కదల్లేదు. ఆ తర్వాత బయటపడే వ్యవధి మిగల్లేదు. అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ ప్రకటించారు. దాన్ని ఎవరి చేతిలో పెట్టాలి?

నౌకాదళం దగ్గరున్న కాగితాల్లో దగ్గరి బంధువుగా ఒక్క పేరే ఉంది: జాన్ టోనిక్. వెతికారు, దొరకలేదు. వారసులు లేరని తేల్చారు.

పొరపాటంతా ఆ పేర్లలోనే ఉంది. నేటి బోస్నియా హెర్జెగోవినాలోని ప్రోలోగ్ అనే పల్లెలో 1893లో పుట్టినప్పుడు అతను పీటర్ హెర్సెగ్. టోనిచ్ అన్నది ఊళ్లో ఆ కుటుంబాన్ని గుర్తుపట్టే పేరు. అమెరికా చేరాక అదే టోమిచ్ అయింది. జాన్ 1913లో అతనితో కలిసి ఓడ ఎక్కిన బంధువే, కానీ ఎప్పుడో సొంత ఊరికి తిరిగి వెళ్లిపోయాడు. ఇంటిపేరు ముందు రాయాలో వెనక రాయాలో తెలియక విదేశీ కాగితాలతో కుస్తీ పట్టే తెలుగువాళ్లకు ఈ చిక్కు వివరించనక్కర్లేదు.

విధేయత గురించి అడిగేవాళ్ల కోసం ఒక తేదీ. టోమిచ్ 1917లో అమెరికా సైన్యంలో చేరాడు. అతని జన్మభూమి అప్పుడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉంది. ఆ సామ్రాజ్యం మీద అమెరికా యుద్ధం ప్రకటించినది 1917 డిసెంబర్ 7న. పెర్ల్ హార్బర్‌కు సరిగ్గా 24 ఏళ్ల ముందు. పుట్టిన దేశం శత్రుదేశమైనా అతను వెనుదిరగలేదు. 1919లో నౌకాదళంలో చేరి, చివరిదాకా అందులోనే ఉన్నాడు.

పతకం మాత్రం చేతులు మారుతూ పోయింది. అతని పేరే పెట్టిన ఓడలో కొన్నాళ్లు ఉంది. 1947లో, ఆ ఓడకు పేరిచ్చిన యూటా రాష్ట్రం అతన్ని గౌరవ పౌరుడిగా ప్రకటించి పతకాన్ని తన సంరక్షణలోకి తీసుకుంది. చివరికి అది న్యూపోర్ట్‌లోని నౌకాదళ శిక్షణ కేంద్రానికి చేరింది.

న్యూయార్క్ నౌకాదళ మిలీషియాకు చెందిన రియర్ అడ్మిరల్ రాబర్ట్ లనీకి ఈ పరిస్థితి మింగుడుపడలేదు. 1990లలో ఆయన స్వయంగా ప్రోలోగ్ వెళ్లి కుటుంబాన్ని కనుక్కున్నారు. నౌకాదళం వెంటనే ఒప్పుకోలేదు. బంధుత్వానికి రుజువు కావాలనడంలో తప్పు లేదు. కానీ అతని పేరు మారిన తీరు తెలుసుకోవడానికి ఒక మనిషి ఆ పల్లె దాకా వెళ్తే సరిపోయింది. ఆ పని అంతకు ముందు అర్ధ శతాబ్దంలో ఎవరైనా చేసి ఉండవచ్చు.

2006 మేలో క్రొయేషియాలోని స్ప్లిట్ రేవుకు విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ వచ్చింది. దాని మీదే జాన్ కుటుంబానికి పతకం అందింది. టోమిచ్ ఇప్పటికీ పెర్ల్ హార్బర్‌లోని ఫోర్డ్ దీవి పక్కన నీళ్లలో పడి ఉన్న యూటాలోనే ఉన్నాడు.